స్టేజీ లేకుండా, మేకప్ లేకుండా: కన్యాశుల్కం క్లాసులో ఆడించి చెప్పడం ఎలా?

నాటకం పాఠం దగ్గరికొచ్చేసరికి కొత్త టీచర్లంతా దాదాపు ఒకే మాట అంటారు: పిల్లలకి ఆ భాష అందడం లేదు, సిలబస్ తరుముతోంది, ఆడిద్దామంటే స్టేజీ లేదు, చర్చ పెడితే ముగ్గురే మాట్లాడతారు. ఏం చెయ్యాలి?

స్టేజీ అక్కర్లేదు. ముందుగా కథ చెప్పకండి. పిల్లల్ని లేపి నిలబెట్టి మాటలు పలికించండి, సరైన చోట ఆపి అడగండి. అదెలాగో గురజాడ అప్పారావు నాటకం కన్యాశుల్కంతోనే చెప్తాను, ఎందుకంటే ఎక్కువమంది అడిగేది దాని గురించే. తొమ్మిది, పది తరగతులకీ ఇంటర్ పిల్లలకీ ఈ పద్ధతి సరిపోతుంది. 40 మంది ఉన్న క్లాసు, 45 నిమిషాల పీరియడ్లు ఎనిమిది అనుకుని రాస్తున్నాను.

మొదట్లో నేను చేసిన తప్పు ముందే చెప్పేస్తాను, మీరు చెయ్యకుండా ఉంటారు. వార్షికోత్సవానికని బాగా మాట్లాడే ఆరుగుర్ని ఏరి ఆరు వారాలు రిహార్సల్ చేయించాను. ప్రదర్శనకి చప్పట్లు బాగానే పడ్డాయి. ఆ తర్వాత పరీక్షలో, వేషాలు వేసిన ఆరుగురూ కూర్చుని చూసిన మిగతావాళ్లూ ఒక్కలాగే గైడులో ఉన్న జవాబు రాశారు: 'ఇది సాంఘిక దురాచారాలను ఖండించిన నాటకం.' గిరీశం వేసిన కుర్రాడైతే ఆ మాటలు ఎందుకంటున్నాడో ఒక్కసారి కూడా ఆలోచించలేదు. తప్పు వాడిది కాదు. నేనెప్పుడూ అడగలేదు.

కావలసినవి

- రెండు సీన్ల జెరాక్స్ కాపీలు, ఇద్దరికి ఒకటి చొప్పున. మొత్తం పుస్తకం అందరికీ అక్కర్లేదు, మీ దగ్గర ఒకటి ఉంటే చాలు.
- పెన్సిళ్లు. పెన్ను వద్దు, రాసింది మార్చుకోవాల్సి వస్తుంది.
- సుద్దముక్కలు, ఒక స్టూలు, రెండు కండువాలు, ఒక చెంబు.
- బెంచీలు వెనక్కి జరిపితే వచ్చే ఖాళీ. అదీ లేకపోతే వరండా.

కాపీల విషయంలో ఒక జాగ్రత్త. ఈ నాటకం 1892లో విజయనగరంలో మొదటిసారి ఆడారు, 1897లో అచ్చయింది. గురజాడ దాన్ని బాగా మార్చి, పెంచి, 1909లో రెండో కూర్పు తెచ్చారు. మొదటిది ఐదంకాలు, రెండోది ఏడంకాలు. ఇప్పుడు అందరూ చదివేదీ ఆడేదీ రెండోదే. పిల్లలు తలా ఒక చోట నుంచి దించుకొస్తే ఒకరి కాగితంలో ఉన్న డైలాగు ఇంకొకరి దాంట్లో ఉండదు, సగం పీరియడ్ వెతుక్కోవడానికే పోతుంది. మీరే ఒక ప్రతి నుంచి కాపీలు తీసి ఇవ్వండి. సంక్షిప్త ప్రతులు వాడకండి. వాటిలో ముందు ఎగిరిపోయేవి చిన్న చిన్న మాటలే, మనకి కావలసినవీ అవే.

1. సీన్లు ఎంచుకోండి

రెండు చాలు. రెండూ రెండో అంకంలో, కృష్ణరాయపురం అగ్రహారంలో, అగ్నిహోత్రావధానులు ఇంట్లోనే జరుగుతాయి. మొదటిది గిరీశం, వెంకటేశం కలిసి ఇంటివాళ్ల ముందు ఇంగ్లీషు 'మాట్లాడే' చోటు. రెండోది చిన్నపిల్ల సుబ్బిని ముసలి లుబ్ధావధానులుకి ఇచ్చి పెళ్లి చెయ్యడం మీద ఇంట్లో రేగే గొడవ, వెంకమ్మ నూతిలో దూకేదాకా. ఒకటి నవ్విస్తుంది, ఇంకొకటి నవ్వు ఆపేస్తుంది. ఈ వరస మార్చకండి.

మంచం కింద ఇద్దరు దాక్కునే సీను ఎందుకు వద్దని చాలామంది అడుగుతారు. వద్దని కాదు. అది మొదట పెడితే క్లాసు చీపురు దెబ్బల దగ్గరే ఆగిపోతుంది, మళ్లీ దారిలోకి తేవడం కష్టం. ఇంటర్ పిల్లలైతే ఈ రెండూ అయ్యాక ఏడో అంకంలో వేశ్య మధురవాణి, వకీలు సౌజన్యారావు పంతులు మాట్లాడుకునే సీను ఇవ్వండి. అది నిదానంగా నడిచే సీను, వాళ్లకి దాని రుచి తెలుస్తుంది.

2. కథ చెప్పకుండా ఆరు వాక్యాలు చెప్పండి

ఎవరు ఎవరికి ఏమవుతారో బోర్డు మీద రాయండి. అగ్నిహోత్రావధానులు, భార్య వెంకమ్మ. వాళ్ల పిల్లలు బుచ్చమ్మ, వెంకటేశం, సుబ్బి. వెంకమ్మ తమ్ముడు కరటకశాస్త్రి. బుచ్చమ్మ చిన్నతనంలోనే భర్త పోయి పుట్టింట్లో ఉంటోంది. వెంకటేశం పరీక్ష తప్పాడు, ఆ సంగతి ఇంట్లో తెలియదు. గిరీశం ఊళ్లో అప్పులవాళ్లని తప్పించుకోవడానికి, సెలవుల్లో చదువు చెప్తానన్న వంకతో వాడి వెంట వచ్చాడు. ఇక్కడ ఆపెయ్యండి.

నాటకం పేరుకి అర్థం కూడా ఇప్పుడు చెప్పకండి. పిల్లలు అడిగితే 'చివరికి మీరే నాకు చెప్తారు' అనండి. ఉపన్యాసంతో మొదలుపెడితే పిల్లలు ఆ ఉపన్యాసాన్నే దాచుకుని చివర్లో తిరిగి మీకే అప్పజెప్తారు.

3. చదివించండి, కూర్చోబెట్టి మాత్రం కాదు

రోల్ నంబరు వరసలో ఒక్కొక్కరి చేత ఒక్కో పేరా చదివించడం నాటకానికి పనికిరాదు. ఇద్దర్ని ఎదురెదురుగా నిలబెట్టి, ఒకరు అంటే ఇంకొకరు జవాబు చెప్పేలా చదివించండి.

గురజాడ మనుషులు పలికినట్టే రాశారు. 'యేవిఁటి' లాంటివి కాగితం మీద చూస్తే పిల్లలు తడబడతారు. కళ్లకి వింతగా కనిపించే మాట చెవికి వింత కాదు. ఆ లైను మీరు ఒకసారి మామూలుగా అనండి, క్లాసంతా వెంటనే అంటుంది, నవ్వుతుంది, అర్థం చెప్పక్కర్లేకుండా పోతుంది. అలా చెప్పినా అందని మాటలు ఒక్కో సీన్లో పది దాటవు. వాటిని బోర్డు పక్కన రాసి ఉంచండి.

హెచ్చరిక: అగ్రహారం యాసని వెటకారంగా అనుకరించడం మొదలుపెడతారు. ఏ యాసా వెక్కిరింతకి కాదు. 'మీ నోటికి వచ్చే తెలుగులోనే పలకండి, మాటలు మార్చకండి' అని చెప్పండి. శ్రీకాకుళం పిల్ల తన పలుకులో వెంకమ్మ మాటలంటే ఎంత సహజంగా ఉంటుందో, అనంతపురం పిల్ల తన పలుకులో అన్నా అంతే.

4. మార్జిన్లో 'ఎవరికి ఏం కావాలి' రాయించండి

పద్ధతికంతా ప్రాణం ఈ మెట్టే. పూర్తిగా ఒక పీరియడ్ ఇవ్వండి, కుదిరితే ఒకటిన్నర.

ప్రతి డైలాగు పక్కన పెన్సిల్‌తో ఒక క్రియ రాయాలి. 'బాధగా', 'కోపంగా' లాంటివి ఒప్పుకోకండి. అవి రాస్తే పిల్లలు మొహం పెడతారు, అంతకు మించి ఏమీ చెయ్యరు. బుజ్జగిస్తోంది, దాటేస్తున్నాడు, ఊరిస్తున్నాడు, నోరు మూయిస్తున్నాడు, వేడుకుంటోంది: ఇలా ఎదుటివాళ్ల మీద చేసే పని రాయాలి.

ఇంగ్లీషు సీన్నే తీసుకోండి. కొడుకు, గురువు ఒకసారి ఇంగ్లీషు మాట్లాడితే వినాలని వెంకమ్మ ముచ్చట. ఇద్దరూ ఏం మాట్లాడతారు? ఒక పిల్లల పాట ముక్క, ఒక జామెట్రీ సిద్ధాంతం ముక్క, ఒక వ్యాకరణ సూత్రం. ఒకదానికి ఇంకొకటి జవాబు కాదు, అయినా ఇద్దరూ సంభాషణలాగా తలలూపుతూ అంటారు. మన పిల్లలకి ఆ ఇంగ్లీషు అర్థమవుతుంది కాబట్టి పగలబడి నవ్వుతారు. నవ్వనివ్వండి. నవ్వు తగ్గాక అడగండి: 'ఇక్కడ వెంకటేశానికి ఏం కావాలి?' ఎవరో ఒకరు అంటారు, దొరక్కుండా ఉండాలి అని. 'గిరీశానికి?' ఈ ఇంట్లో తిండి, చోటు. 'వెంకమ్మకి?'

ఇక్కడ క్లాసు కాసేపు మౌనంగా ఉంటుంది. తొందరపడి మీరు చెప్పెయ్యకండి. మనసులో పది అంకెలు లెక్కపెట్టండి. ఒకసారి వెనక బెంచీ అమ్మాయి, అప్పటిదాకా నోరు విప్పనిది, అంది: 'ఫీజు కట్టింది వృథా కాలేదని తెలియాలి మేడం.' అక్కడి నుంచి ఆ సీను నవ్వులాట కాకుండా పోయింది. మా అమ్మ కూడా నా ప్రోగ్రెస్ కార్డు తిప్పి తిప్పి చూస్తుంది, చదవడం రాదు, అని ఇంకో కుర్రాడు అందుకున్నాడు. నేను ఒక్క ముక్క చెప్పలేదు.

5. గుంపులు చెయ్యండి

ఎనిమిదేసి మందితో ఐదు గుంపులు. ఒక్కో గుంపులో నలుగురు లేదా ఐదుగురు నటులు, ఒక సూత్రధారి, ఒక ప్రాంప్టరు. మిగిలినవాళ్లు పరిశీలకులు. పరిశీలకుడంటే ఖాళీగా కూర్చునేవాడు కాదు. ఒక్క పాత్రనే మొదటి నుంచి చివరిదాకా చూసి, ఆ పాత్ర మాట్లాడనప్పుడు ఏం చేస్తోందో రాసుకోవాలి. బిడియస్తులకి ముందు ఈ పని ఇవ్వండి. రెండో సీనుకి వాళ్లలో సగం మంది వాళ్లంతట వాళ్లే వేషం అడుగుతారు.

కనీసం రెండు గుంపులకి ఒకే సీను ఇవ్వండి. ఒకే మాటలు రెండు రకాలుగా వస్తే చర్చకి మీరు ప్రశ్న తయారు చేసుకోనక్కర్లేదు.

ఆడ వేషం మగపిల్లలు, మగ వేషం ఆడపిల్లలు వెయ్యొచ్చా? నిస్సందేహంగా వెయ్యొచ్చు. ఈ నాటకంలోనే సుబ్బి పెళ్లి తప్పించడానికి కరటకశాస్త్రి శిష్యుడు పెళ్లికూతురి వేషం కడతాడు, మధురవాణి మగ వేషంలో వస్తుంది. ఒకటే షరతు: గొంతు సన్నం చెయ్యకూడదు, నడక తిప్పకూడదు. నా క్లాసుల్లో అగ్నిహోత్రావధానులు వేషం అందరికంటే బాగా కట్టింది ఒక అమ్మాయి.

6. నేల మీద ఇల్లు గీయండి

సుద్దతో గీయించండి: వీధి అరుగు, గుమ్మం, లోపలి గది, వంటిల్లు, పెరడు, పెరట్లో నుయ్యి. పది నిమిషాలు పడుతుంది. ఎవరు ఎక్కడ నిలబడాలో మీరు చెప్పకండి. 'ఈ ఇంట్లో మగవాళ్లు మాట్లాడుకుంటుంటే వెంకమ్మ ఎక్కడిదాకా రావచ్చు? బుచ్చమ్మ ఎక్కడిదాకా?' అని మాత్రం అడగండి. వాదించుకుని వాళ్లే తేలుస్తారు. ఆడవాళ్లకి మిగిలిన చోటు ఎంతో నేల మీద కనిపిస్తుంది.

నూతికి ఒక గుండ్రటి గీత చాలు. రెండో సీను ఒకసారి ఆడాక ఒక సంగతి గమనించండి. బెల్లు కొట్టాక పరిగెత్తే పిల్లలు కూడా ఆ గీత తొక్కకుండా పక్కనుంచి వెళ్తారు. ఎవరూ చెప్పకుండానే.

హెచ్చరిక: దూకడం చూపించొద్దు. వెంకమ్మ వేసినవాళ్లు పెరటి వైపు నడిచి గీత దగ్గర వీపు తిప్పి నిలబడితే చాలు. కేక బయటి నుంచి వినిపించాలి. చెంబు నేలకేసి కొట్టడం, తోసుకోవడం లాంటివి ఉంటే ముందు నెమ్మదిగా, లెక్కపెట్టుకుంటూ మూడుసార్లు చేయించండి. ఆవేశంలో దెబ్బలు నిజంగానే తగులుతాయి.

7. ఆడించండి, ఆపండి, అడగండి

గుంపు ఆడుతుండగా ఒక చోట మీరు 'ఆగండి' అంటారు. నటులు ఎక్కడివాళ్లక్కడ బొమ్మల్లా ఆగిపోవాలి. క్లాసు ఒక పాత్రని ప్రశ్నలడుగుతుంది, నటుడు పాత్రలో ఉండే జవాబు చెప్పాలి. ఒక సీన్లో మూడుసార్లకి మించి ఆపకండి, ఊపు పోతుంది.

నాకు ఎప్పుడూ పనికొచ్చిన ప్రశ్నలు:

- గిరీశం గారూ, ఈ ఇంట్లో మీరు నిజం చెప్పింది ఎప్పుడు?
- అవధానులు గారూ, బుచ్చమ్మ విషయంలో ఏం జరిగిందో చూసి కూడా సుబ్బికి అలాంటి సంబంధమే ఎందుకు?
- శాస్త్రి గారూ, బావగారితో ఎదురుగా వాదించడం మానేసి వేషం కట్టించాలని ఎందుకనుకున్నారు?

రెండో ప్రశ్న దగ్గర అవధానులు వేసినవాళ్లు ఇరుక్కుంటారు. ఇరుక్కోనివ్వండి. పిల్లలు ఆయన్ని రాక్షసుణ్ని చేసేస్తే సీను చచ్చిపోతుంది. కూతురికి ద్రోహం చేస్తున్నాననే ఆలోచనే ఆయనకి లేదు, అందుకే భయం వేస్తుంది. 'మీరు చేసేది సరైనదేనని మమ్మల్ని నమ్మించండి' అని అడగండి. నమ్మించడానికి వాళ్లు కష్టపడుతుంటే క్లాసుకి విషయం అర్థమవుతుంది.

ఇక స్టూలు సంగతి. పెళ్లి గొడవ సీను రెండోసారి ఆడేటప్పుడు మధ్యలో ఖాళీ స్టూలు వెయ్యండి. 'ఇది సుబ్బి' అని మాత్రం చెప్పండి. అందరూ దాని చుట్టూ అరుచుకుంటారు. అయిపోయాక అడగండి: 'స్టూలు వైపు ఎవరెన్నిసార్లు చూశారు?' పరిశీలకుల కాగితాల్లో జవాబు ఉంటుంది. చాలాసార్లు అది సున్నా.

8. అంకెలు ఇప్పుడు చదవండి

స్టూలు అక్కడే ఉండగా, పిల్లలు ఇంకా కూర్చోకముందే, గురజాడ మొదటి కూర్పు ముందుమాటలో ఇచ్చిన లెక్క చదవండి. విజయనగరం మహారాజా ఆనంద గజపతి, విశాఖపట్నం జిల్లాలో మూడేళ్లలో బ్రాహ్మణుల ఇళ్లలో పిల్లకి వెల పుచ్చుకుని చేసిన శుల్క వివాహాల జాబితా తయారు చేయించారు. మొత్తం 1034. అందులో ఐదేళ్ల పిల్లలు 99 మంది, నాలుగేళ్లవాళ్లు 44, మూడేళ్లవాళ్లు 36, రెండేళ్లవాళ్లు 6, ఏడాది నిండినవాళ్లు 3.

వ్యాఖ్యానం వద్దు. సుబ్బికి మాట్లాడుకున్న వెల 1800 రూపాయలు అని బోర్డు మీద రాయండి. నాటకం పేరుకి అర్థం ఏమిటని ఇప్పుడు అడగండి. నేనైతే ఈ అంకెలు మొదటి రోజే చదివి, అవి జనరల్ నాలెడ్జి బిట్లలా నోట్సులోకి వెళ్లిపోవడం చూశాను. చివర్లో చదివితే ఎవరూ రాసుకోరు, కానీ మరిచిపోరు.

హెచ్చరిక, దీన్ని తేలిగ్గా తీసుకోకండి. బాల్యవివాహం మీ క్లాసులో కొందరికి పాత కథ కాకపోవచ్చు. అక్కో, పిన్నో, ఒక్కోసారి ఆ పిల్లే. 'మీ ఇళ్లల్లో ఇలాంటివి జరిగాయా?' అని అందరి ముందు ఎప్పుడూ అడగకండి. ఎవరైనా విడిగా వచ్చి చెప్తే వినండి, క్లాసులో ఉదాహరణగా వాడుకోకండి. పెళ్లి కుదురుస్తున్నారని తెలిస్తే హెడ్మాస్టరుకి చెప్పండి, చైల్డ్‌లైన్ 1098కి ఫోన్ చెయ్యండి. 2006 నాటి చట్టం ప్రకారం అమ్మాయికి 18, అబ్బాయికి 21 నిండాలి. నాటకంలో విధవల మీద, సానుల మీద, కులాల మీద పడే తిట్లు కూడా అంతే. సీన్లో పలకాలి, దాచొద్దు. సీను బయట ఆ మాటతో ఎవరినీ పిలవకూడదని మొదటి రోజే ఒప్పందం చేసుకోండి.

తరచుగా జరిగే తప్పులు

సినిమా ముందు చూపించడం. 1955 సినిమాలో గిరీశం ఎన్.టి. రామారావు, మధురవాణి సావిత్రి. చూశాక పిల్లలు పాత్రని వెతుక్కోవడం మానేసి వాళ్లని వెతుక్కుంటారు. అంతా అయ్యాక ఒక్క సీను చూపించి, 'మీరు చేసినదానికీ దీనికీ తేడా ఏమిటి?' అని అడిగితే అదే సినిమా బాగా పనికొస్తుంది.

గిరీశాన్ని హీరో చెయ్యడం. వాడి మాటకారితనం క్లాసుకి నచ్చేస్తుంది, నచ్చాలి కూడా. నచ్చాక అడగండి: వాడి మాటలు నమ్మినవాళ్లలో ఎవరికి ఎంత నష్టం?

బట్టీ పట్టించడం. కాగితం చేతిలో ఉండనివ్వండి. కంఠతా వచ్చేసరికి మార్జిన్లో రాసుకున్న క్రియలు ఎగిరిపోతాయి.

మనమే ఎక్కువ మాట్లాడటం. ఒక పీరియడ్ ఫోన్లో రికార్డు చేసుకుని వినండి. నేను విన్నప్పుడు సిగ్గేసింది, ముప్పాతిక భాగం నా గొంతే.

పద్యనాటకం అయితే

కృష్ణ రాయబార ఘట్టమో, హరిశ్చంద్ర కాటిసీనో పాఠంగా ఉంటే పద్ధతి ఇదే, ఒక మెట్టు ఎక్కువ. ముందు పద్యాన్ని సొంత మాటల్లో ఎదుటివాడికి చెప్పించండి. తర్వాత అర్థం విరిగే చోట ఆపుతూ పద్యం చదివించండి. రాగం ఆ తర్వాతే, అదీ వచ్చినవాళ్లకే. రాగంతో మొదలుపెడితే పిల్లలు పాట పాడతారు, ఎదురుగా శత్రువు నిలబడి ఉన్నాడన్న సంగతే గుర్తుండదు.

పని జరిగిందో లేదో చూసుకోవడం

సారాంశం రాయమని అడగకండి. దానికి జవాబు గైడులో ఉంది. వీటిలో రెండు ఇవ్వండి:

- ఇరవై డైలాగుల సీన్ని ఎనిమిదికి కుదించండి. ఏది ఎందుకు ఉంచారో ఒక్కో వాక్యంలో చెప్పండి.
- ఆ రాత్రి వెంకమ్మ తమ్ముడితో విడిగా ఏమంటుంది? ఐదు మాటలు, ఆమె పలుకులోనే.
- మీ గుంపు చేసినదానికీ రెండో గుంపు చేసినదానికీ ఒక తేడా చెప్పి, ఏది మూలానికి దగ్గరో సీన్లోని మాట చూపించి వాదించండి.

మార్కులు నటనకి వేయకండి. సీన్లోని మాటని చూపించి మాట్లాడారా లేదా, దానికే వేయండి. 'నాకలా అనిపించింది' అని ఆగిపోతే సగం, 'ఫలానా డైలాగు వల్ల అనిపించింది' అంటే పూర్తి.

కాగితాల్లో కనిపించని గుర్తులు కూడా ఉంటాయి. చర్చలో ఎవరైనా 'ముందు అలా అనుకున్నాను, ఇప్పుడు కాదు' అన్నారా? మీవైపు చూడకుండా ఒకరితో ఒకరు వాదించుకున్నారా? ఇవి జరగకపోతే సాధారణంగా నాలుగో మెట్టులో లోపం ఉంటుంది. కాగితాలు తిప్పి చూడండి, మార్జిన్ల నిండా 'కోపంగా', 'బాధగా' కనిపిస్తాయి. ఆ ఒక్క పీరియడ్ మళ్లీ చెయ్యండి.

రెండు వారాలు ఆగి, చెప్పకుండా, బోర్డు మీద స్టూలు బొమ్మ వేసి 'ఇదెవరు? ఏం అనాలనుకుంటోంది?' అని ఐదు నిమిషాలు రాయించండి. అసలు పరీక్ష అదే.

జెరాక్సులు వెనక్కి తీసుకునేటప్పుడు పెన్సిల్ రాతలు చెరపనివ్వకండి. ఒక కట్టగా దాచి వచ్చే ఏడాది పిల్లలకి చూపించండి, కానీ వాళ్లు తమ మార్జిన్లు నింపుకున్న తర్వాతే.